బీప్ ఆగిందని బ్రేకు వదిలితే

ప్రశ్న: నమస్కారం సార్. మాది నల్లగొండ, రామగిరి వైపు పాత ఇల్లు. కనగల్ మండలంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. రోజూ నా కారులోనే వెళ్ళివస్తాను. కారు కొని రెండేళ్ళయింది. వెనక బంపర్‌కు నాలుగు సెన్సర్లు ఉన్నాయి, కెమెరా లేదు. మా గేటు మూలన ఒక పొట్టి రాతి కడీ ఉంది. ఎడ్లబండ్లు తిరిగే రోజుల్లో ఇరుసు తగిలి గోడ చెడిపోకుండా మా మామగారు పాతించినది. మోకాలి కిందికే వస్తుంది. పోయిన నెల ఒకరోజు బడికి ఆలస్యమవుతుంటే కారు వెనక్కి తీస్తున్నాను. సెన్సరు మోగింది. మరింత త్వరత్వరగా మోగింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. రాయి పక్కకు తప్పుకుందనుకుని బ్రేకు మీది కాలు తీశాను. బంపర్ పగిలింది. సెన్సరు చెడిపోయిందేమోనని వర్క్‌షాపులో చూపిస్తే అంతా బాగానే ఉందన్నారు. మా అబ్బాయి ఈ కారు అమ్మేసి దానంతట అదే బ్రేకు వేసుకునే కారు కొనమంటున్నాడు. అలాంటి బ్రేకు నిజంగా పనిచేస్తుందా? బంపర్ పోయినందుకు నాకు బాధ లేదు. మా పక్కింట్లో మూడేళ్ళ పాప ఉంది. కారు చప్పుడు వినబడితే చాలు, పరుగెత్తుకొస్తుంది. ఆ రాయి ఉన్నచోట ఆ పాప నిలబడి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచనతో నిద్ర పట్టడం లేదు. రాయి మామగారి గుర్తు కాబట్టి తీసేయడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? — ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వర్క్‌షాపు వాళ్ళు మీకు అబద్ధం చెప్పలేదు. మీ సెన్సరు బాగానే ఉంది. ఆ రోజు అది చేయాల్సిన పని చేసింది, తర్వాత చేయలేని చోట ఆగిపోయింది. ఆ ఆగిపోవడం ఎందుకు జరుగుతుందో కారు అమ్మినవాళ్ళు మీకు చెప్పి ఉండాల్సింది. చాలామందికి చెప్పరు. నేను ముప్పై ఏళ్ళు వాహనాల మరమ్మతుల్లో గడిపాను. మీరు చెప్పిన మాట, అదే వరుసలో, ఎందరి నోటనో విన్నాను: మోగింది, ఆగింది, తగిలింది.

బంపర్ మీద రూపాయి బిళ్ళంత కనిపించే ఆ నాలుగు గుండ్రటి బిళ్ళలు కళ్ళు కావు, చెవులు. రివర్స్ గేరు వేయగానే అవి మన చెవికి వినబడనంత హెచ్చు స్థాయి ధ్వనిని బయటికి పంపుతాయి. సెకనుకు నలభై వేలకు పైగా కంపనాలుండే ధ్వని అది. మన చెవి ఇరవై వేల దగ్గరే ఆగిపోతుంది. ఆ ధ్వని గోడకో బండికో తగిలి తిరిగివస్తే, రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి దూరం తేలుస్తాయి. మీటరున్నర దూరంలో గోడ ఉంటే ధ్వని వెళ్ళి రావడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. దూరం తగ్గేకొద్దీ బీప్‌ల మధ్య వ్యవధి తగ్గుతుంది. దాదాపు 30 సెంటీమీటర్ల లోపలికి వస్తే ఆగకుండా మోగుతుంది.

ఇక మీ రాయి సంగతి. రాత్రిపూట వాకిట్లో టార్చ్‌లైటును నడుము ఎత్తున, నేలకు సమాంతరంగా పట్టుకుని నిలబడండి. నాలుగడుగుల అవతల ఉన్న మెట్టు మీద వెలుగు పడుతుంది. మీరు మెట్టు దగ్గరికి నడిచినకొద్దీ వెలుగు దాని మీది నుంచి దాటిపోయి, చివరికి మెట్టు చీకట్లో పడుతుంది. మెట్టు ఎక్కడికీ పోలేదు, వెలుగే దాని పైనుంచి వెళ్ళిపోయింది. సెన్సరు ధ్వని కూడా ఇలాగే శంకువులా విచ్చుకుంటూ వెళ్తుంది. సెన్సరు నేలకు అర మీటరు ఎత్తున ఉంటుంది. మీ కడీ మోకాలి కిందికే ఉంది. మీటరు దూరంలో ఉన్నప్పుడు ఆ శంకువు కింది అంచు రాయిని తాకింది, అందుకే మోగింది. అడుగు దూరానికి వచ్చేసరికి రాయి ఆ అంచు కిందికి జారిపోయింది. సెన్సరు వరకు అక్కడ ఏమీ లేదు. బంపర్ అడుగు భాగానికి మాత్రం ఉంది.

అందుకే ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: త్వరత్వరగా మోగుతున్న బీప్ ఉన్నట్టుండి ఆగిపోతే, అది అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక. అడ్డు నిజంగా తొలగితే బీప్ నెమ్మదిస్తూ పోయి ఆగుతుంది, లేదా ఎవరో పక్కకు తప్పుకోవడం మీ కంటికి కనబడుతుంది. ఆ రెండూ కాకుండా మౌనం వస్తే బ్రేకు గట్టిగా తొక్కి, బండి ఆపి, దిగి చూడాలి. ఆలస్యమైతే కానివ్వండి.

సెన్సరు చెవికి చిక్కనివి ఇంకా ఉన్నాయి. సన్నటి ఇనుప చువ్వ, బట్టలారేసే తీగ, పశువును కట్టే గూటం వంటివాటి నుంచి ప్రతిధ్వని సరిగా రాదు. ఏటవాలుగా ఉన్న పలక ధ్వనిని పక్కకు విసిరేస్తుంది. గడ్డి మోపు, దూది బస్తా, మందపాటి బట్టలు ధ్వనిని మింగేస్తాయి. ఎత్తున ముందుకు పొడుచుకొచ్చినవి కూడా అంతే. మిర్యాలగూడ దారిలో ట్రాక్టర్ ట్రాలీ వెనక నుంచి వెదురు బొంగులు బయటికి వచ్చి ఉంటాయి చూడండి, సెన్సరు వాటి కింద నుంచి ట్రాలీని చూస్తుంది, బొంగులు మాత్రం మీ అద్దంలోకి వస్తాయి. ఇక పక్కలు. నాలుగు సెన్సర్లూ వెనక్కే చూస్తాయి. స్టీరింగ్ తిప్పి వెనక్కి వస్తుంటే కారు ముక్కు రెండో వైపుకు ఊగుతుంది. ఆ వైపు గోడకు ముందు తలుపో మడ్‌గార్డో రాసుకుంటే వెనక సెన్సరుకు తెలియనే తెలియదు. ఇరుకు గేట్లలో నేను చూసిన గీతల్లో సగానికి పైగా ముందు వైపువే.

మీరు అడగలేదు గానీ వేగం గురించి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. గంటకు 5 కిలోమీటర్లంటే మనిషి చురుగ్గా నడిచే నడక. అది కూడా వేగమేనా అనిపిస్తుంది. కానీ ఆ నడకతో కారు సెకనుకు 1.4 మీటర్లు కదులుతుంది. బీప్ విని, అర్థమై, కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి మామూలు మనిషికి ఒక సెకను పడుతుంది. సెన్సరు మేల్కొనేది దాదాపు మీటరున్నర దగ్గర. లెక్క చూడండి. బీప్ విన్న క్షణం నుంచి కాలు కదిలేలోపే దాదాపు ఆ దూరమంతా కరిగిపోయింది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తే ఆ సెకనులోనే 2.8 మీటర్లు. అంటే బీప్ మోగిందని తెలిసేలోపే తగులుతుంది. అదే గంటకు 2 కిలోమీటర్లయితే సెకనుకు అర మీటరు పైచిలుకు. అప్పుడు బీప్ విన్నాక ఆగినా ఇంకా రెండడుగులకు పైగా మిగులుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆక్సిలరేటర్ తొక్కకండి. క్లచ్ సగం వదిలి, కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంచి, బండిని తాబేలు నడక నడిపించండి. ఆటోమేటిక్ గేర్ల కారైతే బ్రేకు కొద్దిగా సడలిస్తే చాలు, తనంతట తానే పాకుతుంది. ఈ పాకుడు వేగంలోనే సెన్సరు మనకు అక్కరకొస్తుంది.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. దానంతట అదే పడే బ్రేకు పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. ఇది ప్రచారం కోసం పుట్టిన వస్తువు కాదు. 2008లో వోల్వో తన ఎక్స్‌సీ 60 కారులో దీన్ని నగరపు నెమ్మది వేగాల కోసమే తెచ్చింది. గంటకు 30 కిలోమీటర్ల లోపు వెళ్తూ ముందున్న బండికి తగలబోతుంటే తనంతట తానే బ్రేకు వేసేది. రెండు బండ్ల వేగాల తేడా 15 కిలోమీటర్ల లోపుంటే తగలకుండానే ఆపగలిగేది. ఇప్పుడు యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో ఇది తప్పనిసరి. మన దగ్గర 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వంటి కార్లతో జనానికి అందుబాటులోకి రావడం మొదలైంది. తర్వాత హోండా, హ్యుండాయ్, కియా కూడా తెచ్చాయి. మన ప్రభుత్వం వెనక సెన్సర్ల హెచ్చరికను తప్పనిసరి చేసింది. 2019 జులై 1 నుంచి తయారైన ప్రతి కొత్త కారుకూ అది ఉండాలి. మీ కారుకు సెన్సర్లు ఉన్నది అందుకే.

యంత్రం మనకన్నా గెలిచేది ఆ ఒక్క సెకను దగ్గరే. అద్దం వెనకున్న కెమెరా, ముందు జాలీ వెనకున్న రాడార్ కలిసి ముందున్నది ఏమిటో, ఎంత వేగంగా దగ్గరవుతున్నదో చూస్తుంటాయి. దానికి ఫోను మోగదు. పిల్లవాడి పరీక్షా పత్రం గుర్తు రాదు. మీరు గడియారం స్తంభం దగ్గర గంటకు 20 కిలోమీటర్లతో వెళ్తుంటే ముందు ఆటో టక్కున ఆగిందనుకోండి. మీ ఆలోచనకు ఒక సెకను పోతే ఐదున్నర మీటర్లు, బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో రెండు మీటర్ల పైచిలుకు. యంత్రం ఆ ఐదున్నర మీటర్లలో చాలావరకు మిగులుస్తుంది. ప్రకాశం బజారు రద్దీలో బంపర్లు పగిలేదీ, స్కూటర్ మీద వెనక కూర్చున్నవాళ్ళు పడిపోయేదీ ఆ దూరంలోనే.

కానీ అమ్మా, మీ గేటు దగ్గర జరిగినదానికి ఈ బ్రేకు మందు కాదు. మన మార్కెట్లో చాలా కార్లలో తనంతట తాను పడే బ్రేకు ముందుకు వెళ్తున్నప్పుడే పనిచేస్తుంది. వెనక్కి వెళ్తుంటే పడే బ్రేకు వేరే సంగతి, కొన్ని కార్లలోనే ఉంటుంది. షోరూములో ఈ రెండింటినీ ఒకే పేరుతో కలిపేస్తారు. ‘వెనక ట్రాఫిక్ హెచ్చరిక’ అని ఇంకొకటి చూపిస్తారు. అది బంపర్ మూలల్లోని రాడార్లతో అడ్డంగా వచ్చే బండ్లను పసిగట్టి మోగేది. కొన్ని కార్లలో అది బ్రేకు కూడా వేస్తుంది, కొన్నిట్లో కేవలం మోగి ఊరుకుంటుంది. కదలని రాయిని చూడటం దాని పని కాదు. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవి: రివర్స్ గేరులో ఉండగా కదలని వస్తువు అడ్డొస్తే ఇది తానే బ్రేకు వేస్తుందా? మనిషి అడ్డొస్తే? ఎంత వేగం వరకు? నోటి మాట వద్దు, కారుతో ఇచ్చే పుస్తకంలో ఆ పేజీ తెరిచి చూపించమనండి. చూపించలేకపోతే లేదనే అనుకోండి. పరీక్షించాలనుకుంటే ఖాళీ అట్టపెట్టెతో చేయించండి. మనుషులను నిలబెట్టి మాత్రం ఎవరూ చేయకూడదు, సరదాకు కూడా.

వెనక్కి పడే బ్రేకు ఉంటే ఎంత మేలో చెప్పే లెక్క ఒకటి ఉంది. అమెరికాలో బీమా కంపెనీలు నడిపే రహదారి భద్రతా సంస్థ, ఐఐహెచ్‌ఎస్ అంటారు, పోలీసుల దాకా వెళ్ళిన రివర్స్ ప్రమాదాలను పరిశీలించింది. వెనక కెమెరా ఒక్కటే ఉన్న కార్లలో ఆ ప్రమాదాలు 17 శాతం, సెన్సర్లతో 28 శాతం, కెమెరా, సెన్సర్లు, వెనక బ్రేకు మూడూ ఉన్నవాటిలో 78 శాతం తగ్గినట్టు తేలింది. హెచ్చరించడానికీ ఆపడానికీ మధ్య ఎంత తేడా ఉందో ఇందులో కనబడుతోంది. మనిషి విని స్పందించాల్సిన చోటే నష్టం జరుగుతోంది. అయినా ఆ మిగిలిన 22 శాతం ఉంది చూశారా, మీ పక్కింటి పాప గురించి ఆలోచించేటప్పుడు దాన్ని మరిచిపోవద్దు.

ముందు బ్రేకుకు మన దారుల్లో ఇబ్బందులున్నాయి. కార్లు, మనుషులు, సైకిళ్ళు, బైకులను పోల్చుకోవడానికి దాన్ని తయారుచేశారు. యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం ఆరబోసిన వడ్ల కుప్పను అది గుర్తిస్తుందన్న భరోసా లేదు. అడ్డం పడిన గేదెను గుర్తిస్తుందనీ చెప్పలేం. రాత్రిపూట వెనక లైటు లేకుండా వెళ్ళే బత్తాయి ట్రాలీ విషయంలో దాని మీద ఆధారపడవద్దు. ఉదయపు ఎండ నేరుగా కెమెరాలోకి పడ్డా, అద్దం మీద దుమ్ము పేరుకున్నా అది తాత్కాలికంగా పనిచేయడం లేదని తెరపై చూపిస్తుంది. ఊళ్ళో బైకు ఒకటి హఠాత్తుగా ముందుకు దూరితే అనవసరంగా కూడా బ్రేకు పడొచ్చు. వెనక వాడు ఆనుకుని వస్తుంటే అది ప్రమాదమే. చాలామంది రెండుసార్లు ఇలా జరిగితే మొత్తం కట్టేస్తారు. అలా చేయకండి. హెచ్చరిక ఎంత ముందుగా రావాలో మార్చుకునే అమరిక ఉంటుంది, దాన్ని ఊళ్ళో ‘ఆలస్యంగా’ అన్నదానికి మార్చుకుంటే చికాకు తగ్గుతుంది, బ్రేకు మాత్రం అవసరానికి ఉంటుంది. ఇంకొకటి: కారు తనంతట తాను ఆగాక చాలా కార్లలో ఆ పట్టు రెండు మూడు సెకన్లే ఉంటుంది. తర్వాత వదిలేస్తుంది. వెంటనే మీ కాలు బ్రేకు మీదికి రావాలి. కంగారులో ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, మీరు కావాలనే వెళ్తున్నారనుకుని యంత్రం తప్పుకుంటుంది.

నా సలహా ఇది. రెండేళ్ళ కారును ఈ కారణంగా అమ్మకండి. మీరు నష్టపోయే సొమ్ములో చాలా చిన్న భాగంతో వెనక కెమెరా పెట్టించుకోవచ్చు. సెన్సరు చెవి అయితే కెమెరా కన్ను. మీ పొట్టి రాయిని అది చూపించేది. దాని అద్దం వెడల్పు కోణం కాబట్టి వస్తువులు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తాయి, ఆ తేడా మొదటి వారమే అలవాటు చేసుకోండి. వారంటీ పోకుండా కంపెనీ సర్వీసు కేంద్రంలోనే పెట్టించండి. మళ్ళీ కారు మార్చే రోజు వచ్చినప్పుడు మాత్రం ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ ఉన్నదాన్నే చూడండి. సన్‌రూఫ్ కోసం పెట్టే డబ్బు దానికి పెట్టండి. మీ అబ్బాయి మాటలో ఆ సత్యం ఉంది.

బంపర్ విషయంలో ఒక జాగ్రత్త. మరమ్మతు చేసేవాళ్ళు సెన్సరు మీద కూడా రంగు కొట్టేస్తారు. మందంగా పూత పడితే దాని చెవి మూసుకుపోతుంది. బండి తీసుకునే ముందు ఇంజను ఆపి, తాళం తిప్పి ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, రివర్స్ గేరు వేయించి, బయట నుంచి నాలుగు బిళ్ళల మీదా వేలు పెట్టి చూడండి. ఒక్కొక్కటీ సన్నగా టిక్కుటిక్కుమని అదురుతుంది. అదరనిది పనిచేయనట్టే. కనగల్ దారి బురద వాటి మీద ఎండిపోతే అనవసరంగా మోగడమో, మోగకపోవడమో జరుగుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎవరైనా ఇనుప గార్డు బిగించుకోమంటే ఒప్పుకోవద్దు. అది సెన్సర్లకు అడ్డు, పాదచారులకు ప్రమాదం. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే అలాంటివి బిగించడం చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు చెప్పింది. చిన్న మరమ్మతుకు బీమా అడిగేముందు లెక్క వేసుకోండి. క్లెయిము చేయని మొదటి ఏడాదికి వచ్చే 20 శాతం తగ్గింపు, రెండో ఏడాదికి 25 శాతం, ఒక్క క్లెయిముతో పోతాయి.

ఇక పాప. దీన్ని ఏ యంత్రానికీ అప్పగించకండి. మూడేళ్ళ పిల్ల కారు వెనక అద్దం అంచు కన్నా పొట్టిగా ఉంటుంది, మీకు కనబడదు. గౌను ధ్వనిని కొంత మింగేయొచ్చు, సెన్సరుకు తెలియకపోవచ్చు. పరుగెత్తుకుంటూ పక్క నుంచి వస్తే కెమెరా అంచులోకి వచ్చేసరికే దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ఆ తల్లితో ఈ రోజే మాట్లాడండి. మీరు బయలుదేరే వేళ చెప్పండి. మీ చేతిలో తాళం కనబడగానే పాపను ఎత్తుకుని మీకు కనబడేలా అరుగు మీద నిలబడమనండి. మీరు టాటా చెప్పాకే గేరు వేయండి. లోపల ఉన్నదనుకోవడం వేరు, కంటితో చూడటం వేరు. పాపకు అది ఆటలా ఉంటుంది, అలవాటవుతుంది. మీరు కారు చుట్టూ ఒకసారి నడిచిరండి, అద్దాలు దించండి, రేడియో ఆపండి. అన్నిటికన్నా ముఖ్యం, సాయంత్రం బడి నుంచి వచ్చినప్పుడు తొందర ఉండదు కాబట్టి అప్పుడే కారును వెనక్కి నడిపి లోపల పెట్టండి. పొద్దున ముక్కు ముందుగా బయటికి రండి. గల్లీ అంతా కళ్ళకెదురుగా ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మామగారి రాయిని తీయనక్కర్లేదు. ఎడ్లబండి ఇరుసును ఆపడానికి ఆయన దాన్ని సరైన ఎత్తులోనే పాతారు. దాని పక్కన, కారు వచ్చే వైపు, నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు ముక్కను నడుము ఎత్తున నిలువుగా పాతించి లోపల సిమెంటు పోయించండి. గుండ్రటి పైపు ఏ వైపు నుంచి ధ్వని వచ్చినా కొంత వెనక్కి పంపుతుంది, పైగా సెన్సరు ఎత్తును దాటి ఉంటుంది కాబట్టి దగ్గరికి వచ్చినా బీప్ ఆగిపోదు. దానికి చుట్టూ రెండు వరుసల ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించండి, రాయికి తెల్ల సున్నం వేయించండి. పైపు ఆరాక ఒక ఆదివారం ఎవరినైనా బయట నిలబెట్టుకుని, పాకుడు వేగంతో వెనక్కి వచ్చి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగకుండా మోగుతుందో రెండుమూడుసార్లు విని చూడండి. పాప ఆ సమయంలో వాళ్ళమ్మ చంకలో ఉండాలి.